మాన్ ఎవరిది? షోలాపూర్ జాతరల్లో నేత కుటుంబాల చోటు

షోలాపూర్‌లో పెరిగిన ఏ తెలుగు పిల్లవాణ్ణి అడిగినా ‘మాన్’ అనే మరాఠీ మాటకు అర్థం చెప్తాడు. జాతరలో ఏ కాఠీ ఎవరు ఎత్తాలి, ఎవరి ఇంటి నుంచి ఊరేగింపు బయలుదేరాలి, పల్లకి ఎవరు తేవాలి అనేవి తరతరాలుగా ఒక్కో ఇంటికి, ఒక్కో కులానికి వస్తున్న హక్కులు. ఆ హక్కునే అక్కడ మాన్ అంటారు. మన ‘మర్యాద’ అనే మాట దానికి దగ్గరగా వస్తుంది గానీ సరిగ్గా అతకదు. మర్యాద కూర్చోబెట్టి చేస్తారు. మాన్ మాత్రం లేచి నిలబడి మోయాలి. మోసేవాళ్లు ఉన్నన్నాళ్లే ఆ మాన్ ఉంటుంది.

మన నేత కుటుంబాల చరిత్ర రాసేటప్పుడు వలసలు, మగ్గాలు, మిల్లులు, సంఘాలు, హాస్టళ్లు అన్నీ రాస్తాం. జాతరల దగ్గరికి వచ్చేసరికి ‘ఘనంగా జరుపుకుంటారు’ అని ఒక్క ముక్కలో దాటేస్తాం. బతుకుదెరువుకు పరాయి భాష ఊరికి పోయినవాడు ఆ ఊరివాడు ఎప్పుడయ్యాడో తెలుసుకోవాలంటే రేషన్ కార్డు ఒక్కటి చూస్తే సరిపోదు. ఆ ఊరి జాతరలో అతనికంటూ ఒక పని ఉందా అని కూడా చూడాలి. షోలాపూర్‌ను ముఖ్యంగా తీసుకుని, శ్రీశైలాన్ని, బరంపురాన్ని పక్కన పెట్టి, ఆ సంగతే ఇక్కడ చూద్దాం.

నాలుగు భాషల ఊరు

షోలాపూర్‌లో మరాఠీ, కన్నడం, తెలుగు, ఉర్దూ నాలుగూ ఇంటి భాషలే. ఊరి నడుమ సిద్ధేశ్వరుడి చెరువు, చెరువులో గుడి, ఒడ్డునే బహమనీల కాలం నాటి భూయికోట కోట. గుడి మెట్ల మీద నిలబడి చూస్తే రెండూ ఒకే చూపులో కనిపిస్తాయి. ఈ కోట కోసం బీజాపూర్ ఆదిల్‌షాహీలు, అహ్మద్‌నగర్ నిజాంషాహీలు ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారు. చివరికి చాంద్ బీబీని అలీ ఆదిల్ షాకు ఇచ్చి పెళ్లి చేసినప్పుడు ఈ కోటనే కట్నంగా ఇచ్చారు. కట్నంగా చేతులు మారిన ఊరు ఇది.

చుట్టూ చూస్తే, 45 కిలోమీటర్ల దూరంలో తుల్జాపూర్ భవానీ, ఒకవైపు పంఢర్‌పూర్ విఠోబా, ఇంకోవైపు అక్కల్‌కోట స్వామి సమర్థ, రైలెక్కి ఆగ్నేయానికి పోతే కలబురగిలో ఖ్వాజా బందే నవాజ్ దర్గా, అదే ఊళ్లో శరణబసవేశ్వరుడి గుడి. ఊళ్లో జైన మందిరాలున్నాయి. 19వ శతాబ్దంలోనే అమెరికన్ మరాఠీ మిషన్ వాళ్లు వచ్చి చర్చి, బడులు పెట్టారు. ఏప్రిల్ 14 వచ్చిందంటే అంబేడ్కర్ జయంతికి ఊరు ఊరంతా కదులుతుంది. అంటే సంవత్సరంలో ఏ నెల తీసుకున్నా ఎవరిదో ఒకరిది పండుగ ఉంటుంది. ఆ పండుగ వీధిలోకి వస్తుంది. వీధిలోకి వచ్చాక అది ఒక్కరిదిగా ఉండదు.

ఏడు కాఠీల జాత్ర

ఊరికి పెద్ద పండుగ సంక్రాంతికి జరిగే గడ్డా జాత్ర. ఇది సిద్ధరామేశ్వరుడి జాతర. సిద్ధరాముడు 12వ శతాబ్దం వాడు, బసవేశ్వరుడి కాలం వాడు. అప్పటి సొన్నలిగెలో పుట్టి, చెరువు తవ్వించి, గుళ్లు కట్టించి, కన్నడంలో వచనాలు చెప్పినవాడు. ఆయన కథను రాఘవాంకుడు కన్నడంలో కావ్యంగా రాశాడు.

ఆ కథలో మనకు చుట్టరికం ఉంది. పిల్లవాడుగా ఉన్న సిద్ధరాముడి దగ్గరికి మల్లయ్య జంగమ వేషంలో వచ్చి అన్నం అడిగాడు. పిల్లవాడు ఇంటికి పరుగెత్తి పెరుగన్నం తెచ్చేసరికి మల్లయ్య లేడు. మల్లయ్యా, మల్లయ్యా అని ఏడ్చుకుంటూ యాత్రికుల వెంట శ్రీశైలం దాకా పోయాడు. అక్కడ స్వామి కనబడి, వెనక్కి పోయి నీ ఊరినే శ్రీశైలం చెయ్యమన్నాడు. సిద్ధరాముడి వచనాల ముద్ర కూడా కపిలసిద్ధ మల్లికార్జున అనే ఉంటుంది. షోలాపూర్ దేవుడు తెలుగు కొండ నుంచి తిరిగొచ్చిన దేవుడన్నమాట. మనోళ్లు అక్కడికి పోకముందే మన మల్లన్న అక్కడ ఉన్నాడు.

జాతరలో ముఖ్యమైనవి ఏడు నందిధ్వజాలు. జనం వాటిని కాఠీలు అంటారు. నిలువెత్తుకు ఎన్నో రెట్లు పొడవుండే వెదురు కర్రలవి. మొదటి రోజు వాటితో ఊరు చుట్టూ తిరిగి, సిద్ధరాముడు ప్రతిష్ఠించాడని చెప్పే 68 లింగాలకు నూనె అభిషేకం చేస్తారు. మరునాడు గుడి దగ్గర సమ్మతి కట్ట మీద అక్షతల వేడుక. ఒక కుమ్మరి పిల్ల సిద్ధరాముణ్ణి తప్ప ఇంకొకరిని చేసుకోనని పట్టుబడితే, ఆయన తన యోగదండంతో పెళ్లికి ఒప్పుకున్నాడని కథ. ఆ పెళ్లే ప్రతి ఏడూ జరుగుతుంది. కాఠీలకు బాసింగాలు కడతారు, చక్కెర పేర్ల దండలు వేస్తారు. సమ్మతి మంత్రాలు కన్నడంలో చదువుతుంటే ఇంటి నుంచి అక్షతలు తెచ్చుకున్న లక్షల మంది చల్లుతారు. చల్లేవాళ్లలో మరాఠీవాళ్లు, తెలుగువాళ్లు, కన్నడిగులు అందరూ ఉంటారు. సంక్రాంతి రాత్రి హోమ మైదానంలో హోమం. ఆ తర్వాత బాణసంచా. చివరి రోజున ‘కప్పడ కళ్ళి’, అంటే కాఠీలకు తొడిగిన బట్టలు తీసేయడం.

నేతవాడి కంటితో చూస్తే ఈ జాతర బట్టతో మొదలై బట్టతో ముగుస్తుంది. కాఠీకి బట్ట తొడిగాకే అది దేవుడు. బట్ట తీసేశాక మళ్లీ వెదురు. కాఠీ ఎత్తేవాళ్లు, వెంట నడిచేవాళ్లు తెల్ల ధోవతి కట్టి, పైన బారాబందీ తొడుగుతారు. బారాబందీ అంటే గుండీలు లేకుండా దారాలతో ముడివేసుకునే తెల్లంగీ. సేటైనా కూలీ అయినా ఆ రోజు వేసుకునేది ఆ తెల్లంగీయే.

ఇక మాన్ సంగతి. పూజాధికారం హిరేహబ్బు ఇంటివారిది. కాఠీలు మాత్రం పాత ఊరి కులాల మధ్య పంచుకున్నవి. లింగాయతులు, మాళీలు, విశ్వబ్రాహ్మణులు, మాతంగులు ఇట్లా ఒక్కో కాఠీకి ఒక్కో సమాజం పేరు వినిపిస్తుంది. ఊరు ఎవరినైతే ఏడాదంతా దూరంగా ఉంచిందో ఆ మాతంగ సమాజం కాఠీ కూడా ఆ వరుసలోనే నడుస్తుంది. దీనితోనే సమానత్వం వచ్చేసిందని చెప్పలేం. కానీ వాళ్లు రాకపోతే జాతర పూర్తికాదని ఊరంతా ఒప్పుకోక తప్పని రోజులు అవి.

మనం వచ్చేసరికి

ఆ వరుసలో పద్మశాలి కాఠీ లేదు. ఎందుకు లేదు అంటే, వరుస ఏర్పడిన కాలానికి మనవాళ్లలో ఎక్కువమంది ఆ ఊళ్లో లేరు.

షోలాపూర్‌కు 1860లో రైలు వచ్చింది. 1876-78 కరువు దక్కన్‌ను దున్నేసింది. ఆ కరువు మధ్యలోనే, 1877లో, ఊళ్లో మొదటి నూలు, బట్టల మిల్లు పుట్టింది. ఇప్పటికీ దాన్ని జునీ మిల్ అనే పిలుస్తారు. తర్వాత నర్సింగ్ గిర్జీ, లక్ష్మీ, విష్ణు మిల్లులు వచ్చాయి. నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుంచి, కరీంనగర్, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి, మన కుటుంబాలు మూటా ముల్లె కట్టుకుని వచ్చింది ఎక్కువగా ఈ కాలంలోనే. కొందరు మిల్లుల్లో చేరారు. కొందరు ఇంట్లోనే గుంట మగ్గాలు వేసుకున్నారు. ఆడవాళ్లు కండెలు చుట్టారు, బీడీలు చుట్టారు. ఊరి తూర్పు భాగం, సాఖర్ పేఠ్, దాజీపేఠ్, భద్రావతి పేఠ్ గల్లీలు, తెలుగు గల్లీలయ్యాయి. చేమగ్గాలు పోయి సాంచాలు వచ్చాక చద్దర్లు, తువ్వాళ్లు ఊరి పేరును దేశమంతా తీసుకుపోయాయి.

ఇట్లా వచ్చినవాడికి జాతరలో ఎవరూ కాఠీ ఇవ్వరు. అడగడానికి నోరూ రాదు. మొదట అతను చూసేవాడు మాత్రమే. పగారు రోజు పిల్లల్ని భుజాన వేసుకుని హోమ మైదానంలో గడ్డా చూడబోతాడు, రంగులరాట్నం ఎక్కిస్తాడు, చిక్కీ కొనిస్తాడు. తర్వాత ఇంట్లో పిడికెడు బియ్యానికి పసుపు కలిపి అక్షతలు తీసుకుపోతాడు. ఈ రెండో మెట్టు దగ్గరే అతను చూసేవాళ్లలో నుంచి చేసేవాళ్లలోకి వస్తాడు. అక్షతలకు మాన్ అక్కర్లేదు. పిడికిలి ఉంటే చాలు.

శ్రీశైలంలో నేతవాడి మాన్

మన కులవృత్తికి జాతరలో పెద్ద చోటు లేకుండా పోయిందా అంటే, అదే మల్లన్న అసలు ఊరు శ్రీశైలం చూడాలి. అక్కడ మహాశివరాత్రి నాడు లింగోద్భవ సమయంలో పాగాలంకరణ జరుగుతుంది. స్వామివారి కల్యాణానికి ముందు గర్భాలయ విమానం నుంచి ముఖమండపం మీది నందుల దాకా పొడవాటి తెల్ల పాగాను చుట్టాలి. ఆ పాగాను నేసేది, చుట్టేది చీరాల ప్రాంతపు దేవాంగ నేతగాడు. రోజుకు ఒక మూర చొప్పున ఏడాదంతా నేసి 365 మూరలు చేస్తారు. ఆ రాత్రి ఆలయంలో దీపాలన్నీ ఆర్పేస్తారు. చీకట్లో, ఒంటి మీద బట్ట లేకుండా, ఆయన విమానం ఎక్కి పాగా చుడతాడు. కింద వేలమంది ఊపిరి బిగబట్టి నిలబడతారు. పాగా పూర్తయ్యాకే పెళ్లి.

ఊరందరికీ బట్ట నేసినవాడు తన ఒంటి మీద నూలుపోగు లేకుండా దేవుడికి తలపాగా చుట్టడం ఇది. పెళ్లికొడుకు తలపాగా నేతవాడి చేతిలో ఉంది. దాన్ని ఎవరూ రాసివ్వలేదు. రోజుకు ఒక మూర నేసే ఇల్లు ఉంది కాబట్టి ఆ మాన్ ఉంది. ఒక ఏడు ఆ మగ్గం ఆగితే ఆ మాన్ నిలిచేది ఎట్లా?

బరంపురంలో ఇంటి ఆడపడుచు

ఇక ఒడిశాలో ఉన్న మనవాళ్ల సంగతి. బరంపురం పట్టు ఎవరికి తెలియదు! అక్కడి నేత కుటుంబాలను స్థానికంగా దేరాలు అంటారు. వాళ్లు దేవాంగులు, గోదావరి వైపు నుంచి మహురి రాజు పిలిస్తే పోయారని అక్కడి పెద్దలు చెప్పుకునే కథ. ఆ సమాజపు పెద్దను దేశీబెహెరా అంటారు.

బరంపురంలో రెండేళ్లకోసారి చైత్రమాసంలో బూఢీ ఠాకురాణీ యాత్ర జరుగుతుంది. ఊరి అమ్మవారు గుడి విడిచి కొన్ని వారాలపాటు పుట్టింట్లో ఉండి పోతుంది. ఆ పుట్టిల్లు దేశీబెహెరా వీధి. అమ్మవారిని నేతవారి పెద్ద ఇంటి కూతురుగా చూసుకుంటారు. దేశీబెహెరా దంపతులు పోయి బిడ్డను పిలుచుకొస్తారు. ఆమె ఉన్నన్నాళ్లూ సాయంత్రాలు ఘటాలు ఊరు తిరుగుతాయి. మొక్కుకున్నవాళ్లు పులివేషం దగ్గర నుంచి రకరకాల వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. ఒడియా వాళ్లు, తెలుగు వాళ్లు కలిసి ఊరంతా చేసుకునే పండుగ ఇది. కానీ బిడ్డను పిలిచే హక్కు, సాగనంపే బాధ్యత నేతవారిది.

షోలాపూర్‌కూ బరంపురానికీ తేడా ఇక్కడ తెలుస్తుంది. ఊరు పెరుగుతున్న తొలి రోజుల్లో, రాజు పిలుపు మీద, నైపుణ్యం చేతపట్టుకుని పోయినవాడు ఊరి అమ్మవారికే తండ్రి అయ్యాడు. ఊరు నిండిపోయాక, కరువు తరిమితే, మిల్లు గేటు ముందు నిలబడినవాడికి జాతరలో చూసేవాడి చోటు దొరికింది. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకటే నాడె. పోయిన కాలం, పిలిచిన మనిషి వేరు.

మార్కండేయుడి రథం

చూసేవాడి చోటుతో షోలాపూర్ మనోళ్లు సరిపెట్టుకోలేదు. శ్రావణ పున్నమికి మార్కండేయ రథోత్సవం వాళ్లు కట్టుకున్న సొంత జాతర. మరాఠీలో ఆ రోజును నారళీ పున్నమి అంటారు. యముణ్ణి ఎదిరించి శివుణ్ణి కౌగిలించుకున్న మార్కండేయుడు మన మూలపురుషుడు. ఆయన కొడుకు భావనారుషి తామర తూడుల పోగుతో బట్ట నేసి దేవతలకు ఇచ్చాడని మన కులకథ. ఆ రోజు పొద్దున జంధ్యాలు మార్చుకోవడం, ఆడపడుచులు రాఖీ కట్టడం, సిద్ధేశ్వర్ పేఠ్‌లోని మార్కండేయ మందిరం నుంచి రథం కదలడం. పద్మశాలీ జ్ఞాతి సంస్థ ఆధ్వర్యంలో వేలమంది నడుస్తారు. సిద్ధేశ్వరుడి పేరున్న పేఠ్ నుంచి మార్కండేయుడు బయలుదేరడం చూస్తే, పాత ఊరు, కొత్త ఊరు ఒకచోట కలిసినట్టే ఉంటుంది.

ఆ రోజు రథం మన తూర్పు గల్లీలు దాటి ఊరి వీధుల్లోకి పోతుంది. కార్ఖానాలకు సెలవు, సాంచాలు ఆగుతాయి. ఎప్పుడూ చప్పుడుతో ఊగే గల్లీ ఆ రోజు నిశ్శబ్దంగా ఉండడమే పండుగ వచ్చిందనడానికి గుర్తు. కాఠీ ఎవరూ ఇవ్వకపోతే రథం తామే కట్టుకున్నారు. ఇంకొకరి మాన్‌ను లాక్కోకుండా తమ మాన్‌ను తామే పుట్టించుకున్నారు. అందుకే దానికి ఊరు ఎదురు చెప్పలేదు, దారి ఇచ్చింది.

బతుకమ్మ, భవానీ, పీర్లు

రథం మగవాళ్ల చేతి పండుగ అనుకుంటే, బతుకమ్మ పూర్తిగా ఆడవాళ్లు మోసుకొచ్చినది. మహాలయ అమావాస్య నాడు తెలుగు గల్లీలో బతుకమ్మ మొదలవుతుంది. మరునాడు పాడ్యమికి పక్కింటి మరాఠీ అక్క ఘటస్థాపన చేసి దీపం పెడుతుంది. తొమ్మిది రోజులు ఒక వాకిట్లో పూలు, ఒక ఇంట్లో మొలకలు. బడిలో మరాఠీ చదువుకున్న మన పిల్లలకు తెలుగు నోట నిలిచింది చాలావరకు ఆ పాటల వల్లనే. చదవడం రానివాళ్లకు కూడా బతుకమ్మ పాట వస్తుంది.

దసరా తర్వాత కోజాగిరి పున్నమికి షోలాపూర్ నుంచి తుల్జాపూర్‌కు వేలమంది రాత్రంతా నడిచిపోతారు. అందులో మనవాళ్లూ ఉంటారు. తుల్జాపూర్‌లో కూడా మాన్ ఉంది. భవానీ అమ్మవారి పల్లకి అహ్మద్‌నగర్ దగ్గరి బుర్హాన్‌నగర్ నుంచి ఒక గాండ్ల కుటుంబం తెస్తుంది. నూనె తీసేవాడి పల్లకిలో అమ్మవారు, కుమ్మరి పిల్లతో సిద్ధరాముడి పెళ్లి, నేతవాడి పాగాతో మల్లన్న కల్యాణం. పనిచేసే కులాలు లేకుండా దక్కన్‌లో ఏ దేవుడి పెళ్లీ జరగదు.

మనవాళ్లు తెలంగాణ నుంచి మోసుకొచ్చిన ఇంకో పండుగ పీర్ల పండుగ. మొహర్రం ముస్లింలకు ఇమామ్ హుసేన్ అమరత్వం తలచుకునే శోకదినం. తెలంగాణ పల్లెల్లో అది ఊరందరిదీ. అలావ చుట్టూ ఆడేవాళ్లలో, పీరు ఎత్తేవాళ్లలో, ఊదు వేసి మొక్కేవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉంటారు. పీరుకు మొక్కు తీర్చుకోవడం అంటే దట్టీ కట్టడం. దట్టీ అంటే బట్ట. పిల్లలు పుడితే దట్టీ, జ్వరం తగ్గితే దట్టీ, మగ్గం సాగితే దట్టీ. అందుకే దర్గా ముందు మనోడికి పరాయితనం తోచలేదు. కలబురగి బందే నవాజ్ ఉర్సుకు పోయినా, ఊళ్లో దర్గాకు పోయినా సమాధి మీద చాదర్ పరచడం చూస్తే దట్టీనే గుర్తొచ్చింది. షోలాపూర్ చద్దర్ మనం కప్పుకునేది, దర్గా చాదర్ మనం కప్పేది. మాట ఒకటే, బట్ట ఒకటే.

జాతర ముంగిట జనవరి 12

షోలాపూర్‌లో కలిసి ఉండడం అనేది పండుగ పూట మాట మాత్రమే కాదనడానికి చరిత్రలో ఒక తేదీ ఉంది. 1930 మే నెలలో గాంధీగారి అరెస్టు వార్త రాగానే మిల్లు కార్మికులు పనులు వదిలి వీధుల్లోకి వచ్చారు. మే 8న కాల్పులు జరిగాయి. పోలీసులు ఊరు విడిచిపోగా కొన్ని రోజులు జనమే ఊరిని నడిపారు. మే 12న మార్షల్ లా పెట్టారు. తలమీది గాంధీ టోపీ కూడా నేరమైంది. సైనికులు వీధిలో ఆపి టోపీలు తీయించారు. గజం తెల్లబట్టకు ప్రభుత్వం భయపడిన రోజులవి.

ఆ కేసులో నలుగురిని 1931 జనవరి 12న యరవాడ జైల్లో ఉరితీశారు. మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సార్దా. పేర్లు చదివితేనే తెలుస్తుంది. ఒకరు లింగాయత్, ఒకరు ముస్లిం, ఒకరు మరాఠా, ఒకరు మార్వాడీ. సంక్రాంతి ఇంకా రెండు రోజులుంది. జాతర ముంగిట ఊరికి ఆ వార్త వచ్చింది. ఇప్పటికీ గడ్డా జాత్ర సందడి మొదలయ్యే రోజుల్లోనే చార్ హుతాత్మా చౌక్‌లో ఆ నలుగురి విగ్రహాలకు దండలు పడతాయి. కాఠీల వరుసలో లేనివాడికి కూడా త్యాగం వరుసలో చోటుందని ఆ చౌక్ చెప్తుంది.

పండుగ విడదీసిన రోజులు

పండుగలు ఎప్పుడూ కలిపాయని రాస్తే అది చరిత్ర కాదు, ముచ్చట అవుతుంది. మహారాష్ట్రలో మొహర్రం తాబూతుల ఊరేగింపుల్లో హిందువులు పెద్దసంఖ్యలో నడిచే కాలం ఉండేది. 1893లో బొంబాయిలో మతకలహాలు జరిగాయి. అదే కాలంలో లోకమాన్య తిలక్ ప్రోత్సాహంతో సార్వజనిక గణేశోత్సవం వ్యాపించింది. ఆ పండుగ స్వాతంత్ర్య పోరాటానికి గొప్ప వేదికైంది, నిజమే. తాబూతుల వెంట నడిచే చాలామంది హిందువులు ఆ తర్వాత అటు పోవడం తగ్గించారు, అదీ నిజమే. ఒక వీధి నిండితే ఇంకో వీధి ఖాళీ అయింది.

మొహర్రం చాంద్రమానం మీద నడుస్తుంది. ఏడాదికి సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ముప్పై మూడేళ్లకు ఒక చుట్టు చుడుతుంది. కాబట్టి ప్రతి తరంలోనూ కొన్నేళ్లు అది గణపతితో, కొన్నేళ్లు సంక్రాంతితో ఒకే వారంలో పడుతుంది. 2018లో, 2019లో గణపతి, మొహర్రం కలిసే వచ్చాయి. 2023 సెప్టెంబర్ 28న అనంత చతుర్దశి నిమజ్జనం, ఈద్ మిలాద్ ఒకే రోజు పడ్డాయి. మహారాష్ట్రలో చాలా ఊళ్ల ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును మరునాటికి మార్చుకున్నారు, ప్రభుత్వం కూడా ఈద్ సెలవును 29కి మార్చింది. పెద్ద ఉపన్యాసాలు లేకుండా రెండు పక్కలా పోలీసుల పని తేలికైంది. మగ్గం మీద పడుగు, పేక ఒకేసారి కదలవు గదా. ఒకటి ఆగితేనే ఇంకొకటి పోతుంది. నేతవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు బట్ట ఎవరిది?

ఇంతవరకు చెప్పింది గతం. ఇప్పటి మాట ఇది. శ్రీశైలం పాగా, కాఠీ బట్ట, పీరు దట్టీ, దర్గా చాదర్, అమ్మవారి ఒడి చీర, రథం మీది జెండా. ఏ మతమైనా పండుగకు ముందు బట్ట కావాలి. ఆ బట్ట ఒకప్పుడు మన గల్లీలో నేసింది. అందుకే ఏ గుడికి పోయినా, ఏ దర్గాకు పోయినా మనం చేయి చాచి పోలేదు, చేతిలో బట్టతో పోయాం. ఇప్పుడు జాతర అంగళ్లలో మెరిసే చాదర్లు, చునరీలు, జెండాలు చాలావరకు దూరపు ఊళ్ల పాలిస్టర్ సరుకు. భౌగోళిక గుర్తింపు వచ్చిన షోలాపూర్ చద్దర్ పేరుతోనే వేరే ఊళ్ల సరుకు అమ్ముతున్నారు. పెద్ద మిల్లులు ఎప్పుడో మూతబడ్డాయి. కార్ఖానాలు తగ్గుతున్నాయి. పిల్లలు పుణేకు, హైదరాబాద్‌కు పోతున్నారు. పోవడం తప్పు కాదు, మన తాతలు వచ్చినట్టే వాళ్లూ పోతున్నారు.

కానీ బట్ట మన చేతి నుంచి జారితే జాతరలో మనం మళ్లీ మొదటి మెట్టుకు, చూసేవాళ్ల చోటుకు పోతాం. రథోత్సవంలో డీజే పెట్టెల చప్పుడు ఎంత పెరిగినా ఆ లోటు పూడదు. చప్పుడు అద్దెకు దొరుకుతుంది, మాన్ అద్దెకు దొరకదు.

చేయగలిగిన పనులు పెద్దవేం కావు. ప్రతి ఊరి మన సంఘమూ ఒక పుస్తకం పెట్టాలి. మన ఊరి ఏ గుడికి, ఏ దర్గాకు, ఏ చర్చికి, ఏ జాతరకు మన ఇళ్ల నుంచి ఏ బట్ట పోయేది, ఎన్ని మూరలు, ఏ నూలు, ఏ రంగు, ఏ రోజు, ఎవరి చేతుల మీదుగా, పాత పెద్దలను అడిగి రాసుకోవాలి. డెబ్బై, ఎనభై ఏళ్ల అవ్వలు, తాతలు ఇంకా ఉన్నారు. వాళ్లు చెప్పింది ఫోన్‌లో రికార్డు చేస్తే చాలు. రెండోది, ఏడాదికి ఒక్క జాతరకైనా ఆ బట్టను మన మగ్గం మీదనే నేసి ఇవ్వాలి. ఒక పాగా, ఒక దట్టీ, ఒక జెండా. లాభం కోసం కాదు. శ్రీశైలం పాగా నేసే ఇంటి లెక్క రోజుకు ఒక మూర. ఒక ఊళ్లో వంద ఇళ్లుంటే ఒక్కో ఇంటికి ఏడాదికి నాలుగు మూరలు కూడా పడవు.

మూడోది, మన రథానికి దారి ఇచ్చిన వీధుల పండుగలకు మనం దారి ఇవ్వడం. పక్క గల్లీ సందల్ ఊరేగింపుకో, జయంతి ఊరేగింపుకో మన సంఘం తరఫున మంచినీళ్ల పందిరి వేయడానికి తీర్మానాలు, నిధులు అక్కర్లేదు. నాలుగు కుండలు, ఇద్దరు పిల్లలు చాలు. ఆ పిల్లలకు ఆ రోజు ఊళ్లో ఒక పని దొరుకుతుంది. పని దొరికినచోటే ఊరు దొరుకుతుందని మన తాతలు మిల్లు గేటు ముందు నిలబడి నేర్చుకున్నారు. జాతర విషయంలోనూ లెక్క అదే. వచ్చే సంక్రాంతికి అక్షతలు చల్లేటప్పుడు, వచ్చే శ్రావణ పున్నమికి రథం తాడు పట్టేటప్పుడు, వచ్చే మొహర్రంకు దట్టీ కట్టేటప్పుడు పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని ఆ బట్ట ఎవరు నేశారో చెప్పండి. మనమే నేశామని చెప్పగలిగితే ఇంకా మంచిది.